సోడా బండి దగ్గర ఇద్దరు పెళ్లికొడుకులు

ఉగాది వెళ్లిన రెండో ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు నా పెళ్లి సంగతి మొదలై, నాలుగుంబావుకల్లా ముగిసింది. ఆ రోజుల్లో మా వరంగల్‌లో కొందరు పిల్లను ఇంట్లో చూపించడానికి జంకి, సినిమాకు తీసుకెళ్లేవారు. ఇంటర్వెల్‌లో సోడా బండి దగ్గర నిలబెడితే అవతలివాళ్లు చూసుకునేవారు. నచ్చకపోయినా ఎవరికీ నామోషీ లేదు, అందరూ సినిమాకే వచ్చినట్టు.

కాజీపేటలో రైల్వే గార్డు మా బాబాయి, కొత్తవాడలో జంపఖానాలు అమ్మే మా మేనమామ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు (ఏదో పెళ్లిలో ఎవరికి ముందు వడ్డించారన్న తగువు). అందుకే చెరొక సంబంధం చూసి, తెలియక ఒకే ఆటకు రమ్మన్నారు. తెలిసింది మా అమ్మకూ నాకూ మాత్రమే. కానీ ఎవరిని ఆపినా రెండోవారి పక్షం పట్టినట్టేనని అమ్మ నోరు మెదపలేదు.

సినిమా మంచి నవ్వుల సినిమా. ఒక అమ్మాయి కోసం ఇద్దరు అబ్బాయిలు పోటీపడి ఒకరినొకరు బురిడీ కొట్టిస్తుంటారు. అడ్డుగోడ అవతల మగవాళ్ల వైపు ఎవరో ప్రతి హాస్యానికీ జనం కంటే ముందే నవ్వుతున్నారు. ఏం జరగబోతోందో కనిపెట్టేసి, ఆగలేక నవ్వే నవ్వు. ముఖం తెలియదు. వచ్చిన ఇద్దరిలో ఒకరిదైతే బాగుండునని ఇంటర్వెల్ దాకా దండం పెట్టుకుంటూ కూర్చున్నాను.

సోడా సగం తాగానో లేదో, ఒకవైపు నుంచి బాబాయి, మరోవైపు నుంచి మామ, చెరొక అబ్బాయితో వచ్చారు. అబ్బాయిలిద్దరూ ఒకరినొకరు చూసుకుని ఆగిపోయారు. "అరే, నువ్వేంది రా ఈడ?" అని మామ తెచ్చినతను అడిగితే, బాబాయి తెచ్చినతను నవ్వాడు. అదే నవ్వు. నా సోడా ముక్కులోకి పోయింది.

ఇద్దరూ పదో తరగతి దాకా ఒకే బెంచీ అట. సంగతి అర్థమయ్యాక, సినిమాలోలా కొట్టుకుంటారేమోనని నేను (కొంచెం ఆశగానే) చూశాను.

"నువ్వే చేసుకో రా, ఇంట్ల మీ అమ్మకు చేతనైతలేదు గదా," అన్నాడు నవ్వినతను.

"అట్లెట్ల? ముందుగాల మాట్లాడుకున్నది మీరు. నువ్వే చేసుకో."

బస్సులో సీటు ఇచ్చుకున్నట్టు నన్ను ఇచ్చుకున్నారు. ఎవరూ కూర్చోలేదు. బాబాయీ మామా చెరోవైపు విసురుగా వెళ్లిపోతే, అమ్మ నన్ను రిక్షా ఎక్కించింది. దారిలో, ఆ నవ్వినతను నాకు నచ్చాడన్నాను.

"నవ్వు జూసి పిల్లనిస్తరా బిడ్డా?" అంది కానీ, మర్నాడే బాబాయితో కబురు పంపింది. నువ్వే చేసుకొమ్మని దోస్తుకు మాటిచ్చాను, తప్పనన్నాడట ఆ నవ్వినతను. ఆ దోస్తూ మామకు అదే మాట చెప్పాడు.

తర్వాతి ఏడాది నా పెళ్లయింది. మా ఆయన మంచివారు. సినిమాకు వెళితే పేర్లు పడకముందే నిద్రపోయేవారు.

మొన్న ఆ సినిమా మనవరాలు తన ఫోనులో పెట్టింది. చూస్తూ నవ్వాను.

"ఇంకా జోకే రాలె, అప్పుడే ఎందుకు నవ్వుతున్నవ్ అమ్మమ్మా?" అంది. ఆ అలవాటు ఎవరి దగ్గర పట్టుకున్నానో ఏం చెప్పను!

ఆ ఆదివారం పోయినవి: సగం సోడా, సగం సినిమా, ఒక నవ్వు. సినిమా మొన్న దొరికింది.