గీతలాయన కూతురి రాత

వీధిలో అందరూ ఆయన్ని గీతలాయన అంటారు. దుకాణాలకు బోర్డులు రాస్తాడు. మిఠాయి కొట్టు బోర్డు రాస్తే అక్షరాల మీద ఈగలు వాలాయని చెప్పుకుంటారు. అందులో సగం అబద్ధం. మిగతా సగం ఆయనే చెప్పాడు.

అలాంటి మనిషి కూతురు కలం పడితే అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకునేవి. నోరు తెరిస్తే మాటల పుట్ట. రాయమంటే వేళ్లు కొయ్యబారిపోయేవి. పరీక్షలో సగం రాయకముందే గంట మోగేది. ఒక ఏడాది తరగతి తప్పింది. "రాయడంలో ఇబ్బంది ఉందని డాక్టరు కాగితం తెస్తే పరీక్షలో ఎక్కువ సమయం ఇప్పిస్తాం. లేకపోతే మా చేతుల్లో ఏం లేదు" అంది హెడ్‌మిస్ట్రెస్. మళ్లీ తప్పితే బడి గుమ్మం తొక్కనని పిల్ల తేల్చేసింది. పరీక్షలు వచ్చే వారమే.

డాక్టరమ్మ దగ్గర ఒక నున్నటి పలక ఉంది. దాని మీద రాస్తే చెయ్యి ఎక్కడ ఆగింది, ఎంత నొక్కింది, గాల్లో ఎంతసేపు తచ్చాడింది, అంతా తెర మీద కనిపిస్తుంది. మిగతా పరీక్షలన్నీ అయ్యాయి, ఇదొక్కటే మిగిలింది. రేపు పాపకి నచ్చిన వాక్యం రాయిద్దామంది.

గీతలాయన జబ్బు చూపించుకోవడానికి వెళ్తూ కూడా చొక్కా ఇస్త్రీ చేసుకునే రకం. ఆ రాత్రి ఇంట్లో కూతుర్ని కూర్చోబెట్టి తన పని నేర్పాడు. ముందు అక్షరం అంచు గియ్యాలి, తర్వాత లోపల నింపాలి. ఒకటే వాక్యం: మా కుక్క గోడ దూకి పారిపోయింది.

మర్నాడు పలక మీద పిల్ల అలాగే గీసింది.

"చాలా బాగుంది. కానీ ఇది రాయడం కాదు, బొమ్మ వెయ్యడం. దీన్నిబట్టి నేనేం చెప్పలేను" అంది డాక్టరమ్మ.

ఆయన కుర్చీలోంచి లేచాడు. "నేనే నేర్పానమ్మా. నా బుద్ధి గడ్డి తింది. ఇంకొక్కసారి రాయించండి."

"అలాగే. పాపా, ఎప్పుడూ రాసేలా రాయి, గబగబా."

పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుంది. "రాయను."

"నా తల్లివి కదూ."

"బాగుందన్నారుగా నాన్నా. నా రాతని ఎప్పుడన్నా ఎవరన్నా అలా అన్నారా? మళ్లీ కోడి కెలికినట్టు రాసి చూపించనా?"

బతిమాలాడు, కసిరాడు, మళ్లీ బతిమాలాడు. పిల్ల బిగిసి కూర్చుంది. ఇక దారి తోచక తనే కలం లాక్కుని అదే వాక్యం గబగబా రాశాడు. కుంచెతో అక్షరాల్ని నిటారుగా నిలబెట్టే చెయ్యి, కలంతో తాగుబోతులా తూలింది.

పిల్ల వంగి చూసింది. "ఇది నీ రాతా?"

"నాదే. అందుకే కుంచె పట్టాను. కుంచెని ఎవరూ తొందరపెట్టరు."

"మరి కొట్టువాళ్లు చీటీ రాయమంటే?"

"కళ్లజోడు మర్చిపోయానంటాను."

"నీకు కళ్లజోడే లేదు."

"ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదమ్మా."

పిల్ల నవ్వలేదు. కలం తీసుకుంది. బిడ్డ చక్కగా రాయాలని మొక్కుకునే తండ్రులుంటారు. పాడుగా రాయాలని మొక్కుకున్నవాడు ఆయనొక్కడే. గోడ దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు ఒకదాన్నొకటి తొక్కేశాయి. కలం గాల్లో తచ్చాడి, దిగి, మళ్లీ లేచింది. కుక్క పారిపోకముందే వేళ్లు పట్టేశాయి. పలక మీద కన్నీటి చుక్క పడింది.

"చాలమ్మా. కాగితం ఇస్తాను" అంది డాక్టరమ్మ మెల్లగా.

వీధిలోకి వచ్చాక ఆయన చెయ్యి చాపాడు. పిల్ల కుడిచెయ్యి వెనక్కి దాచుకుని, కాసేపటికి ఎడమచెయ్యి ఇచ్చింది.