గళ్ళ చొక్కాల లెక్క

జనవరి రెండవ ఆదివారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు, దట్టమైన పొగమంచు. ఖమ్మంలో భద్రాచలం బస్సెక్కి, కాలక్షేపానికి గళ్ళ చొక్కాల మగవారిని లెక్కించి మూడు రకాలుగా విభజించాను. గడ్డాలు, బరువు బూట్లతో, అడవిని ఫోనులో మాత్రమే చూసినవారు మొదటి రకం. మోచేతుల దాకా మడిచినా ఇస్త్రీ నలగనివ్వనివారు రెండవ రకం. గుండీలు విప్పి కండలు చూపేవారు మూడవ రకం. నా పక్కన కూర్చున్న గడ్డపాయనను మొదటి రకంలో వేశాను.

కొత్తగూడెం దాటాక అద్దం లేని కిటికీలోంచి అడవి గాలి కొట్టింది. ఉబ్బసపు మనిషిని; దగ్గు తెరలు తెరలుగా వచ్చి ఊపిరి అందలేదు. ఆయన లేచి తన చొక్కా విప్పి, దాని చేతులను కిటికీ కడ్డీలకు ముడివేసి తెరలా కట్టాడు.

కాస్త తేరుకున్నాక, "మీకు చలి వేయదా?" అని అడిగాను.

"బొగ్గుబాయిల పనిచేసేటోన్ని, పెద్దసారూ. గీ బూట్లు గూడ బాయిలయే. అంగి మాత్రం ఫ్యాషనని మా బిడ్డ కొన్నది. ఇయ్యాల పనికొచ్చింది, తియ్."

భద్రాచలం వరకు ఆయన బనియనుతోనే కూర్చున్నాడు. నేను సుఖంగా ఊపిరి తీసుకున్నాను.

బస్సులో తుది లెక్క: గళ్ళ చొక్కాలు తొమ్మిది, తొడుక్కున్నవారు ఎనిమిది మంది.