డ్రయ్యర్ వాల్వ్ దగ్గర ఆ అరగంట

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. నమ్మింది తెర మీది అంకెలనే. ఆ నమ్మకంతోనే ఆ రోజు ఒక మనిషి పని పోగొట్టాను.

కాగజ్‌నగర్ వైపు ఒక కాగితపు మిల్లులో నేను ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరుని. కాగితం ఆరబెట్టే డ్రయ్యర్లకు ఆవిరి వదిలే వాల్వ్‌ను కంప్యూటరే ఆటోలో నడపాలి. కానీ ఆవిరి ప్రెషర్ పైకీ కిందికీ ఊగేది, కాగితం తెగేది. ఆపరేటర్ దేవదానం దాన్ని మాన్యువల్‌లో పెట్టి, అంకెలు తనే మార్చి నడిపేవాడు.

"వాల్వ్ పట్టేస్తున్నది సార్. జర ఎక్కువ తెరిచి ఎన్కకు తీస్తేనే కదుల్తది," అన్నాడు.

"నీ చెయ్యి కంప్యూటర్ కన్నా గొప్పదా?" అన్నాను. చెప్పినా వినడం లేదని మేనేజరుకు రాసిచ్చాను. అతను కాంట్రాక్టు మనిషి. మర్నాడే గేటు దగ్గర ఆపేశారు.

మూడు రోజులు కంట్రోలర్ సెట్టింగులు మారుస్తూ కూర్చున్నాను. ఊపు నెమ్మదయ్యేది, ఆగేది కాదు. కాగితం తెగిన ప్రతిసారీ షిఫ్టంతా నా వైపే చూసేది.

"వాల్వ్‌కు గూడ ఒక మెమో ఇయ్యుండ్రి సార్," అన్నాడు దేవదానం స్థానంలో వచ్చిన రాజమల్లు. కోపం వచ్చింది, మళ్లీ సెట్టింగుల మీదే పడ్డాను.

నాలుగో రోజు పగలు పదకొండింటికి, తెర మీద 'ఆటో' పోయి 'మాన్యువల్' వచ్చింది. నేను ముట్టుకోలేదు. రాజమల్లు రెండు చేతుల్లో చాయ్ కప్పులున్నాయి. మౌస్ కదల్లేదు. వాల్వ్‌కు వెళ్లే అంకె ఐదు పెరిగింది, ఆగింది, మూడు తగ్గింది. ప్రెషర్ గీత సాఫుగా సాగింది.

"సార్... గిది దేవదానం చెయ్యే," అన్నాడు రాజమల్లు.

దేవదానానికి ఫోన్ చేస్తే భార్య ఎత్తింది. "పత్తి ఏరుతుండు సార్. గీడనే, నా కండ్ల ముందట్నే ఉన్నడు."

అరగంట కాగితం తెగలేదు. తర్వాత దానంతటదే ఆటోలోకి పోయి మళ్లీ ఊగసాగింది. ఎవరు ఏది మార్చినా పేరుతో నమోదయ్యే రికార్డులో ఆ అరగంటకు ఒక్క పేరూ లేదు. సిస్టమ్ అమ్మినవాళ్లు వచ్చి, అలా జరగదన్నారు. గీత చూపిస్తే తల గోక్కున్నారు.

అప్పుడు మొదటి రోజే చేయాల్సిన పని చేశాను. మాన్యువల్‌లో పెట్టి, వాల్వ్‌ను ఒక్కచోట వదిలేశాను. ఊపు ఆగింది. కొంచెం కొంచెం తెరిచాను. వాల్వ్ కదల్లేదు, కదల్లేదు, ఒక్కసారిగా ఎగిరి తెరుచుకుంది. విప్పితే, వాల్వ్ కడ్డీ చుట్టూ ఆవిరి కారకుండా పెట్టే ప్యాకింగ్ గట్టిపడి దాన్ని పట్టేసి ఉంది. సెట్టింగులతో పోయే జబ్బు కాదది. ప్యాకింగ్ మార్చాక ఊపు పోయింది.

మేనేజరుకు ఇంకో ఉత్తరం రాశాను: దేవదానం తప్పు లేదు, చూడకుండా ఫిర్యాదు చేసిన తప్పు నాది. షిఫ్టు మీటింగులో అందరి ముందూ చదివాను. తర్వాత దేవదానం చేనుకు పోయి క్షమించమన్నాను. ఆ అరగంట సంగతీ చెప్పాను.

"నేనేడికి రాలే సార్," అన్నాడు పత్తి ఏరుతూనే. "చెప్పిన నాడు మీ పక్కన్నే ఉంటి. గప్పుడు ఇనకపోతిరి."

సోమవారం డ్యూటీలోకి వచ్చాడు. వాల్వ్ రిపోర్టులో లోపం కనిపెట్టింది ఎవరన్న చోట అతని పేరు రాశాను. ఆ అరగంట దాన్ని నడిపింది ఎవరన్న చోట రాయడానికి నా దగ్గర ఇప్పటికీ ఏమీ లేదు.