పితికిపప్పు పాఠం ఎవరిది?

మా పెద్ద టీచరమ్మ పోయింది. మొన్న పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే, పాత బడిలో ఆయాగా పనిచేసే ఆమె ఫోను చేసింది. "పాపా, మన పెద్ద టీచరమ్మ ల్యాకుండా పోయింది. కాఫీ తాగతా తాగతానే పక్కకి వాలిపోయిందంట. నువ్వు వస్తావో రావో, సెప్పకుండా ఉండలేక సెప్తా ఉండా" అంది. ఆ 'వస్తావో రావో' ఎందుకన్నదో మా ఇద్దరికీ తెలుసు. మామూలుగా అయితే ఏడుపు రావాలి కదా? రాలేదు. కోపం వచ్చింది. నాకు చెప్పాల్సిన మాట ఒకటి ఆమె దగ్గర బాకీ ఉండిపోయింది. అది చెప్పకుండానే వెళ్ళిపోయింది మహాతల్లి.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను, మంచి బోలెడు ఉంది. రెండోది కూడా చెబుతాను. అది దాచిపెట్టి రాస్తే నేను రాసేది ఆమె గురించి కాదు, ఇంకెవరి గురించో అవుతుంది.

చిత్తూరులో ట్రైనింగు ముగించుకుని తిరుపతి శివార్లలో ఒక చిన్న ప్రైవేటు బడిలో చేరాను. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టేవాళ్ళు. ఆ గదికి ఆమె పెద్ద టీచరు, ఆమె కింద నేను. మొదటిరోజు రంగురంగుల బొమ్మల కార్డులు సంచీ నిండా పెట్టుకుని పోయాను. ఆమె ఒక కార్డు తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ అట్టముక్కలు సూసి పిలకాయలు ఏం నేర్సుకుంటారు పాపా? నువ్వు సల్లగా కూర్సో, కొన్నాళ్ళు వాళ్ళని సూడు" అంది. నాకు ఒళ్ళు మండింది. కానీ కూర్చున్నాను. కూర్చుని చూసిందే నా అసలు చదువు.

ఆమె పనితనం చూడాలంటే చలికాలంలోనే చూడాలి. ధనుర్మాసానికి నెలగంట పెట్టిన దగ్గర్నుంచీ మా వైపు పొద్దున్నే కొండ కనిపించదు, అంతా మంచు. పిల్లలు మంకీటోపీల్లోంచి కళ్ళు మాత్రం బయటపెట్టి, ముక్కు ఎగబీలుస్తూ వచ్చేవాళ్ళు. ఆమె వాళ్ళాయన పాత స్వెటరు చీర మీద తొడుక్కుని గుమ్మంలో నిలబడేది. రెండు అరచేతులూ గరగరా రుద్దుకుని, వచ్చిన ప్రతి పిల్ల చెవులమీదా, ప్రతి పిల్లవాడి బుగ్గలమీదా పెట్టి లోపలికి పంపేది. పలకలు మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు. "వేళ్ళు నిద్ర లెయ్యకముందే అచ్చరాలని లేపబాకండి" అనేది. తూర్పు కిటికీలోంచి ఎండ ఎక్కడ పడితే అక్కడ చాప పరిచేది. ఎండ జరిగితే చాప జరగాలి. "టీచర్, ఎండ పోతా ఉండాది!" అని ముందు అరిచిన వాళ్ళకి ఆమె పక్కన చోటు. పిల్లలు చాప చివరలు పట్టుకుని ఈడ్చుకుంటూ, ఒకరిమీద ఒకరు పడుతూ ఎండ వెంట పోయేవాళ్ళు. సూర్యుడు జరుగుతాడని నేను బొమ్మ గీసి చెబితే ఎవరికీ ఎక్కలేదు గానీ, ఆ చాప ఈడ్చిన పిల్లల్లో ఒక్కరూ మరిచిపోలేదు.

ఇక అనపకాయలు. మా జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు, చలికాలం వచ్చిందంటే ఇంటింటా అవే. తక్కినవాళ్ళ కోసం చెబుతాను. కాయలు వొలిచి, గింజలు రాత్రంతా నానబెట్టి, తెల్లారి ఒక్కో గింజనీ రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే తోలు వేళ్ళలో మిగిలి, లోపలి పప్పు టప్పున బయటికి దూకుతుంది. దాన్నే పితికిపప్పు అంటాం. ఆడవాళ్ళు కూర్చుని కబుర్లాడుతూ చేసే పని. ఆమె దాన్ని తెచ్చి యూకేజీ గదిలో పెట్టింది. గింజలు తనే కొని, నానేసి, పెద్ద బేసిన్లో మోసుకొచ్చేది. చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టి "పితకండ్రా అబ్బా, ఎవురిది యాడికి ఎగురుతుందో సూద్దాం" అనేది.

ఇంక చూడాలి ఆ సంబరం! పప్పు ఒకటి గోడకి, ఒకటి పక్కవాడి నెత్తిమీదికి, ఒకటి ఫ్యాను మీదికి. గట్టిగా నొక్కితే చితికిపోతుంది, మెల్లగా నొక్కితే రాదు. ఎంత నొక్కాలో ఎవరికి వాళ్ళు కనిపెట్టాల్సిందే. వారం తిరిగేసరికి పప్పులు బుద్ధిగా గిన్నెలో పడేవి. అప్పుడు ఖాళీ తోళ్ళతో నేలమీద అక్షరాలు పేర్పించేది. సున్నాలూ వంపులూ అన్నీ ఆ తోళ్ళతోనే. ఆ తర్వాత పెన్సిలు ఇస్తే, అదేదో పుట్టినప్పట్నుంచీ పట్టుకున్నట్టు పట్టుకునేవాళ్ళు. మధ్యాహ్నం ఆయా ఆ పప్పుతో కూర వండేది. సంగటి ముద్ద ముట్టని పిల్లలు కూడా "ఇది నేను పితికిన పప్పు" అని వెతుక్కుని మరీ తినేవాళ్ళు.

జూన్లో చేరి డిసెంబరు దాకా నోరు విప్పని పిల్ల ఒకతె ఉండేది. ఏం అడిగినా గౌను అంచు నములుతూ నిలబడేది. ఒకరోజు పితుకుతూ పితుకుతూ ఉన్నట్టుండి "నాకు సాల్లేదు, ఇంకా ఎయ్యి" అంది, చెయ్యి చాపి, కసిరినట్టుగా. నేను ఎగిరి గంతేయబోతే పెద్ద టీచరమ్మ నా మోకాలు గిల్లింది. ఏమీ జరగనట్టే ఇంకో గుప్పెడు గింజలు వేసి, "తొందరేం లేదు, ఉండాయిలే" అంది. తర్వాత నాతో, "పిలకాయల కాడ తొందర పడబాక పాపా. వాళ్ళు యాడికీ పోరు. పొయ్యేది మనమే" అంది. ఇవాళ పిల్లల ముందు నేను కాస్త ఓపికగా ఉండగలుగుతున్నానంటే ఆ గిల్లుడు చలవే.

ఆమె నోటికి కరస్పాండెంటు కూడా జంకేవాడు. ఫీజు కట్టలేదని ఒక పిల్లని బయట నిలబెడితే, "ఆ చలిలో నువ్వు నిలబడు సార్ ముందు" అని మొహం మీదే అంది. అటువంటి మనిషి. అందుకే ఆరోజు నాకు భయం వెయ్యలేదు.

ఏం జరిగిందంటే, ఒక తల్లి కిటికీలోంచి ఫోటో తీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. 'ఇంగ్లీషు మీడియం అని పంపిస్తే మా బిడ్డలతో టీచర్లు వంటపని చేయిస్తున్నారు' అని కింద రాసింది. యూనిఫారానికి అనపకాయ వాసన పడుతోందని ఇంకొకరు, గింజ ముక్కులో పోతే ఎవరు జవాబుదారీ అని ఇంకొకరు. అందులో ఒక్కమాట న్యాయమైనదే, ముక్కు సంగతి. కానీ మేమిద్దరం కాపలా ఉంటే తప్ప ఆమె బేసిన్ దింపేదే కాదు, ఆ సంగతి ఎవరూ అడగలేదు. మర్నాడు తల్లిదండ్రులందర్నీ పిలిచి కూర్చోబెట్టారు. కరస్పాండెంటు ఫోటో పైకెత్తి, "ఎవురిదమ్మా ఈ అయిడియా?" అన్నాడు.

నేను ధీమాగా కూర్చున్నాను. ఇప్పుడు లేస్తుంది మా పెద్ద టీచరమ్మ, అయిపోయింది ఈయన పని అనుకున్నాను. లేచింది. కొంగు భుజం చుట్టూ లాక్కుంది. "నాకు తెలీదు సార్. ఈ పాప సేయిస్తా ఉండె. సిన్నపిల్ల గదా, తెలీక సేసింటాది. నేను అప్పుడే వద్దన్నా" అంది.

ఇప్పుడు నవ్వుతుంది, 'ఊరికే అన్నాలే సార్, నాదే' అంటుంది అని ఆమె మొహమే చూస్తూ ఉన్నాను. ఆమె కూర్చుంది. అందరూ నావైపు తిరిగారు. పండగ సెలవుల తర్వాత నేను రానక్కర్లేదని సాయంత్రం కబురు చేశారు. సంచీ కోసం గదిలోకి పోతే ఆమె వంగి చాపలు చుడుతోంది. నేను నిలబడ్డాను, చాలాసేపే నిలబడ్డాను. చుట్టిన చాపనే విప్పి మళ్ళీ చుట్టింది గానీ ఇటు తిరగలేదు.

గేటు దగ్గర ఆయా నా చెయ్యి పట్టుకుంది. "వాళ్ళాయన మంచంలో ఉండాడు, కొడుక్కి పని దొరకలా. ఈ వయసులో ఆమెని ఇంకెవురు పెట్టుకుంటారు సెప్పు. నువ్వైతే యాడైనా బతుకుతావు పాపా" అంది. అర్థమైంది. అర్థమైతే మంట తగ్గుతుందని ఎవరన్నారో గానీ, అబద్ధం. ముందురోజు నన్ను పక్కకి పిలిచి 'పాపా, నా గతి ఇట్లా ఉండాది, ఈ నింద నువ్వు మొయ్యి' అని ఆమే అని ఉంటే, నేనే లేచి 'నాదే సార్' అని ఉండేదాన్ని. ఒట్టు. అడగాల్సిన మాట అడక్కుండా నెత్తిన పడేసింది. తల్లిలాంటిది అనుకున్నాను కాబట్టే గొంతు కోసినట్టయింది.

వడమాలపేట దగ్గర ఒక చిన్న బడిలో పని దొరికింది. ప్రతి చలికాలం అక్కడ నేనే బేసిన్ పెట్టి పితికిస్తున్నాను. తల్లుల్ని కూడా పిలిచి పిల్లల పక్కన కూర్చోబెడతాను, ఫోటోలు తీసుకోమంటాను. రెండేళ్ళ కిందట పుత్తూరు రోడ్డులో బస్సు కోసం నిలబడి ఉంటే ఆమె కనిపించింది. ఎవరిదో పెళ్ళికి పోతోందట. "ఏం పాపా, ఇంత సిక్కిపోయినావు!" అని తన తల్లోంచి మూర మల్లెపూలు తుంచి నా చేతిలో పెట్టింది. "నీ పిలకాయలు బాగా రాస్తా ఉండారా?" అంది. "రాస్తా ఉండారు. మీరు నేర్పిందే సేయిస్తా ఉండా" అన్నాను, 'మీరు' అన్న మాట నొక్కి. ఆ బాకీ మాట చెప్పడానికి ఇంతకంటే దారి ఎవరిస్తారు? ఆమె పెదవి కదిలింది. అంతలో దుమ్ము రేగింది. "అదో, పుత్తూరు బస్సు" అని ఎక్కేసింది. కిటికీ దగ్గర కూర్చుని కూడా ఇటు చూడలేదు.

మొన్న పోయాను. పోకుండా ఉండలేకపోయాను. షామియానా కింద కుర్చీల్లో కరస్పాండెంటు కూడా ఉన్నాడు, పెద్ద పూలమాల తెచ్చాడు. "బాగుండావామ్మా? ఎంత మంచి మనిషి పోయిందో సూడు" అన్నాడు, నన్నెప్పుడూ వెళ్ళగొట్టనట్టే. ఆమె కోడలు నన్ను తలకాడ కూర్చోబెట్టింది. "అక్కా, మీరు అత్తతో పని సేసినారంట గదా. బళ్ళో పిలకాయలకి ఏం నేర్పేదో మాకు ఒక్కరోజూ సెప్పలా" అంది.

కరస్పాండెంటు వినేంత గట్టిగా చెప్పాను. "పితికిపప్పు పాఠం మీ అత్తదేనమ్మా. నాది కాదు. ఆమె నేర్పితేనే నేను నేర్చుకున్నా. ఆమెదే, ఆమెదే" అన్నాను. ఆమెకి దక్కాల్సింది దక్కించానో, ఆమె ఆడిన అబద్ధాన్ని పదిమందిలో పరిచానో నాకే తెలీదు. రెండూ అయ్యుంటాయి. ఆయన ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు.

కోడలు మాత్రం వింతగా చూసింది. "పితికిపప్పా? మా ఇంట్లో వండేదే లేదు గదక్కా! నేను కాపురానికి వచ్చినప్పట్నుంచీ ఎన్నిసార్లు కాయలు తెస్తామన్నా, 'వద్దులేమ్మా, నాకా వాసన పడదు' అనేది అత్త" అంది.

అనపకాయ వాసన పడని మనిషి ఉంటుందా చిత్తూరు జిల్లాలో? అందులోనూ ఆమె! వెంటనే మళ్ళీ కోపమే వచ్చింది. అన్నేళ్ళు నోరు కట్టుకుని కూర్చునే బదులు నాతో ఒక్కమాట అంటే పోయేది కదా తల్లీ, నేను ఉన్నది వడమాలపేటలోనే కదా, అని ఆమె మొహం మీదికి వంగి అడిగేశాను. అప్పుడు వచ్చింది ఏడుపు.

నా ఏడుపు చూసి కోడలి ఒళ్ళో ఉన్న నాలుగేళ్ళ మనవరాలు బిక్కమొహం పెట్టింది. కాసేపటికి మెల్లగా, "పితికేదంటే ఏంది?" అంది. ఈ ఇంటి పిల్లకి అది తెలీదు! "వేళ్ళు ఇట్టియ్యి" అన్నాను. చలికి బిగుసుకున్న వేళ్ళు. నా అరచేతుల్లో పెట్టుకుని రుద్ది, ఎలా పట్టుకోవాలో చూపించాను.

"ఏమీ ల్యా గదా?" అంది.

"ఉండాదనుకో. ఊ, నొక్కు."

కళ్ళు చికిలించి, నాలుక బయటపెట్టి నొక్కింది. "పోయింది!" అంది.

"యాడ పడింది?"

అటూ ఇటూ చూసి వేలు పెట్టి చూపించింది. "అవ్వ మీద."

బయటినుంచి "లేపండి, టైమైపోతా ఉండాది" అంటున్నారు. మగవాళ్ళు చెప్పులు విడిచి లోపలికి వస్తున్నారు. పిల్ల వాళ్ళవైపు చూడనే లేదు. వాళ్ళ అవ్వకేసి వేళ్ళు చాపి, ఒకటి తర్వాత ఒకటి పితుకుతూనే ఉంది.