రెండో బొట్టుకు, మూడో బొట్టుకు నడుమ హైదరాబాద్

దసరా పూజకని నాందేడ్‌ల మా బట్టల దుకాణంల కత్తెర, గజం కట్టె తుడిచి వరుసల పెట్టిన. మా కొడుకు కొత్తగా కొనుక్కొచ్చిన పాతకాలం తీరు రేడియోను గూడ పక్కన పెట్టి, గుండీ తిప్పి చూసిన. తిరుగుతలేదు.

"అమ్మా, గుండీ ఉత్త షోకుకే. పాటలు ఫోన్ల నుంచి అస్తయి" అన్నడు.

తిరగని గుండీ ఎందుకు పెట్టిండ్రో నాకైతే సమజ్ కాలేదు.

మా ఈడోళ్లకు యాదికుంటది. చిన్నప్పుడు మా ఊరు కుండల్‌వాడిల మా బాపు దుకాణంల పెద్ద రేడియో ఉండె. మా బాపమ్మ ఏటా దసరాకు దాని అద్దం మీదనే తడి కుంకుమ బొట్లు పెడుతుండె. స్టేషన్ల నంబర్లన్నీ మూసుకపోయినయి. బాపు తుడువబోతే "లక్ష్మి మొఖం తుడుస్తవారా?" అని మీదికి లేస్తుండె. తెలుగు వార్తలకని తిప్పితే మరాఠీల పత్తి ధరల ముచ్చట అచ్చేది. బాపు తల కొట్టుకునేటోడు. ఆఖరికి ఆ బొట్లే మాకు గుర్తులైనయి. రెండో బొట్టుకు, మూడో బొట్టుకు నడుమ హైదరాబాద్. గిరాకులకు గూడ తెలుసు.

గదే యాది జేసుకుంట కొడుకు రేడియోకు గూడ బొట్టు పెట్టిన. నేను అగర్‌బత్తి ముట్టిచ్చేలోపే జేబురుమాలుతోని తుడిచేసిండు.

"మరక పడ్తదే అమ్మా."

సరే బిడ్డా. అద్దం తళతళ మెరుస్తున్నది. లోపల ముల్లు గూడ అంటిచ్చిన బొమ్మే. హైదరాబాద్ యాడున్నదని ఎవలన్న అడిగితే నేనేం చూపియ్యాలె?