వెలుతురు తగిలిన చుక్క

అది 1988 వానాకాలం. మహబూబ్‌నగర్ దగ్గర ఒక చేపపిల్లల కేంద్రంలో నేను ఫీల్డ్‌మన్‌ని. మక్తల్ వైపు ఒక ఊరి నుంచి సాయమ్మ వచ్చింది. రెండేళ్ల కరువు తర్వాత వాళ్ల చెరువు నిండింది. చేపల మీదే బతికే ఇళ్లవాళ్లు చేపపిల్లల కోసం ఆమెను పంపారు.

గడ్డిచేప మన చెరువుల్లో తనంతట తాను గుడ్లు పెట్టదు. ఇంజెక్షన్ ఇచ్చి, పొట్ట నిమిరి గుడ్లు తీయాలి. దీన్ని స్ట్రిప్పింగ్ అంటాం. మగచేప నుంచి తీసే తెల్లటి వీర్యం మిల్ట్. రెండూ కలిపాకే నీళ్లు చేర్చాలి.

అప్పటికి మాకు మిగిలినవి రెండే ఆడచేపలు. మొదటిదాని గుడ్లన్నీ మధ్యాహ్నానికి తెల్లబడి చచ్చిపోయాయి. సాయమ్మ తొట్టి పక్కన కూలబడింది.

“ఊర్ల ఏమని చెప్పాలె సారూ?” అంది. మిల్ట్ పళ్లెం వైపు చెయ్యి చూపి అడిగింది. “పొద్దుగాల గా పాలను ఎండల ఎందుకు పెట్టినవు?”

“పళ్లెం చల్లటి నీళ్లల్లనే ఉండె కదమ్మా. వేడి తగల్లేదు.”

“వేడి తగలకుంటేంది? ఎలుగు తగిలె గద!”

ఆ మాట నన్ను వదల్లేదు. మర్నాడు ఉదయం కొత్తగా తీసిన మిల్ట్‌ను రెండు పళ్లేలలో పోసి, రెండూ చల్లటి నీళ్లలోనే ఉంచాను. ఒకటి ఎండలో, ఇంకొకటి నల్లగుడ్డ కింద. అరగంటయ్యాక మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. ఎండలోని చుక్కకు నీళ్లు తగిలిస్తే నాలుగు కణాలు వణికి ఆగిపోయాయి. రెండో చుక్కకు నీళ్లు తగలగానే, అప్పటిదాకా రాళ్లలా పడి ఉన్నవి ఒక్కసారిగా లేచి ఉరికాయి. గాజు మీద సుడిగాలి రేగినట్టుంది.

సాయమ్మను చూడమన్నాను.

“అమ్మో, గివన్ని పానాలేనా? ఊపిరి గూడ తీసుకుంటయా?”

“తీసుకుంటయమ్మా.”

ఆమె మైక్రోస్కోపు నుంచి కన్ను తీసేలోపే అంతా ఆగిపోయింది. వాటి పరుగంతా ఒక్క నిమిషం. సముద్రంలోని గవ్వజీవుల వీర్యకణాలకూ వెలుతురు తగిలితే శ్వాస తీరు మారుతుందని మా ఆఫీసరు తర్వాత చెప్పారు.

రెండో చేపకు స్ట్రిప్పింగ్ చేస్తున్నంతసేపూ సాయమ్మ తన గొంగడి రెండు చేతులా చాపి నాకు నీడ పట్టింది. మరుసటి రోజు అద్దంలాంటి గుడ్లలో దారప్పోగుల్లాంటి తోకలు కొట్టుకుంటున్నాయి. ఆమె వాటిని చూసి చేతులు జోడించింది. నెల తిరగకముందే చేపపిల్లలు వాళ్ల చెరువు చేరాయి.

అప్పటికి ఆరేళ్లుగా ఆ పని చేస్తున్నాను. మిల్ట్ నాకు కొలిచి పోసే ద్రవం మాత్రమే. నా చేతిలో ఉన్నవి లెక్కలేనన్ని ఊపిరులని, వాటికి దొరికేది ఒకే ఒక్క నిమిషమని తెలిశాక, పళ్లెం పట్టుకున్న ప్రతిసారీ నా ఊపిరి కూడా కాసేపు ఆగేది.