గోడ మీది నంబర్లు

టెన్త్ ఫలితాలొచ్చిన మర్నాడు పొద్దున్నే పదకొండు మంది తండ్రులు ఒక సర్కారు బడికొచ్చి తమ పిల్లల టీసీలు అడిగారు. పదకొండు మంది చేతుల్లోనూ నేను రాసిన వార్తే ఉంది. నా వార్తను అంతమంది ఒకేసారి చదవడం అదే మొదలు, అదే ఆఖరు కూడా. ఒక బడిని ఖాళీ చేయించడానికి తుఫానులూ భూకంపాలూ అక్కర్లేదు, చురుకైన విలేకరి ఒక్కడు చాలు. ఎలాగో చెబుతాను. తిట్లు చివరిదాకా దాచుకోండి, ముందే ఖర్చుపెడితే తర్వాత చాలవు.

అది 2010. శంషాబాద్ మండలానికి నేను కొత్త విలేకరిని. విమానాశ్రయం వచ్చాక పొలాలు ప్లాట్లవుతున్నాయి, ప్రతి ఊరి మలుపులోనూ ఏదో ఒక ప్రైవేటు బడి పసుపు బస్సు కనబడుతోంది. సాతంరాయి దాటి లోపలికి పోతే ఒక ఊళ్లో ఉంది మన సర్కారు హైస్కూలు. హెడ్మాస్టరు సరోజిని గారిది గుంటూరు వైపు. పిల్లలు తగ్గితే టీచర్ పోస్టులు ఎత్తేస్తారని ఆవిడ ఎండలో ఇల్లిల్లూ తిరిగి, తొమ్మిది పాసైన పిల్లల్ని బడి మారకుండా ఆపుకుంటున్నారు.

ఫలితాల రోజు మా పత్రిక డెస్కు నుంచి ఫోను: సాయంత్రం ఆరింటికల్లా బడులవారీగా లెక్క కావాలి. సరోజిని గారికి చేస్తే కలవలేదు. బండేసుకుని వెళ్తే బడికి తాళం. వరండా గోడకు మాత్రం పరీక్షలప్పుడు అంటించిన కాగితం ఇంకా ఉంది: ఒకటో గది, ఇరవై నాలుగు హాల్‌టికెట్ నంబర్లు. నాలోని పరిశోధకుడు ఒక్కసారిగా నిద్ర లేచాడు. లేవకుండా ఉంటే బాగుండేది. నంబర్లన్నీ రాసుకుని శంషాబాద్‌లో యూసుఫ్ నెట్ సెంటర్‌కి పరిగెత్తాను.

యూసుఫ్ ఒక్కో నంబరూ కొడుతున్నాడు. తెర మీద ఫెయిల్ తర్వాత ఫెయిల్, సరుకు లారీల్లా వరసగా వస్తున్నాయి. పదోదాని దగ్గర అతని చెయ్యి ఆగింది.

"అన్నా, గివి ఆ బడివేనా? జర చూస్కో."

"సర్కారు బడి గదా, గట్లనే ఉంటది. నువ్వు కొట్టు."

నలుగురు పాసయ్యారు. 'ఇరవై నలుగురిలో నలుగురే' అని శీర్షిక పెట్టి, అది చాలదన్నట్టు 'అధికారులు నిద్రపోతున్నారా' అని కిందో ప్రశ్న తగిలించాను. ఆలస్యం అమృతం విషం అంటారు. పత్రికలో తొందరా విషమే, కాకపోతే తాగేది ఇంకొకరు.

మర్నాడు సరోజిని గారు కబురు చేస్తే, మెచ్చుకుంటారేమోనని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. గేటు దగ్గర ఒక ప్రైవేటు బడి పసుపు బస్సు. దాని పక్కన ఆ బడి మనిషి నా వార్తకు తీసిన జిరాక్సులు పంచుతున్నాడు. లోపల మల్లయ్య అనే రైతు మాట్లాడుతున్నాడు.

"నీ మీద కోపం లేదు మేడమ్. మా ఇంట్ల ఎవ్వరు పది దాటలే. ఈ బిడ్డన్నా దాటాలె. టీసీ ఇయ్యిన్రి."

ఆవిడ నా వైపు తిరిగి శాంతంగా అడిగారు.

"ఈ నంబర్లు మీకు ఎవరిచ్చారు బాబూ?"

గోడ చూపించాను. గోడ తప్ప నాకు వేరే సాక్షి లేడు.

"మా బడి పరీక్షా కేంద్రమండీ. సొంత బడిలో సొంత పిల్లల్ని రాయనివ్వరు. మావాళ్లు శంషాబాద్ వెళ్లి రాశారు. ముగ్గురే తప్పారు."

"మరి ఈ ఇరవై నలుగురూ?"

ఆవిడ కేంద్రం జాబితా తీసి మల్లయ్య ముందు పెట్టారు. ఆయన వేలుపెట్టి కూడబలుక్కుంటూ బడి పేరు చదివి, కిటికీలోంచి బస్సు వైపు చూశాడు.

"ఏంది మేడమ్, గీ బస్సోళ్ల పిల్లలా? గీళ్ల తానకే గదా మేం పోతున్నది."

ఎవరూ నవ్వలేదు. నవ్వగలిగేంత దూరంలో ఉన్నది నేనొక్కణ్నే, నాకు ధైర్యం చాల్లేదు. మేం బయటికొచ్చేసరికి బస్సు లేదు, జిరాక్సులు మాత్రం గాలికి ఎగురుతున్నాయి.

మల్లయ్యతో కలిపి ఎనిమిది మంది అర్జీలు వెనక్కి తీసుకున్నారు. మిగతా ముగ్గురూ ఆవిడ మాట కన్నా పత్రికనే నమ్మి, నేను రాకముందే టీసీలు పట్టుకుని పోయారు. సరోజిని గారు వాళ్ల ఇళ్లకు మళ్లీ వెళ్లారు. "నిజమే మేడమ్, గాని బూట్లు, టై తెచ్చినం. పిల్లగాడు ఇప్పుతలేడు, ఇగ ఏం జేస్తం" అన్నారట. అడుసు తొక్కింది నేను, కాళ్లు కడుక్కోవడానికి ఊరంతా తిరిగింది ఆవిడ.

సవరణ వేసేదాకా పత్రికాఫీసు నుంచి కదలనని కూర్చున్నాను. వేశారు. లోపలి పేజీలో, చీమలు కూడా వంగి చదవాల్సిన అక్షరాల్లో, 'ఆ ఫలితాలు సదరు ప్రభుత్వ పాఠశాలవి కావు' అని. నేను రాసిచ్చిన రెండో వాక్యాన్ని డెస్కు కొట్టేసింది. ఖాళీ అయిన చోట ఆ ప్రైవేటు బడి అడ్మిషన్ల ప్రకటన చక్కగా పట్టింది.

ఆ రోజే తూర్పుకి తిరిగి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇక గోడల్ని ఇంటర్వ్యూ చేయను, మనిషి దొరికేదాకా ఆగుతాను. ఇప్పటిదాకా తప్పలేదు.

అయితే ఆ ఇరవై నలుగురూ ఏ బడి పిల్లలో మా పత్రిక ఇంతవరకూ రాయలేదు.